చూడని ఇళ్లకు సంతకం పెట్టినవాడి ఉత్తరం

రెండు తెలుగు రాష్ట్రాల ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుల పెద్దలకు, విద్యుత్ తనిఖీ అధికారులకు,

నమస్కారం.

నేను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ని. మాది గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. పనిలోకి దిగి ఇరవై ఆరేళ్లు, లైసెన్సు చేతికొచ్చి పందొమ్మిదేళ్లు. దాన్ని ఫ్రేము కట్టించి షాపులో వినాయకుడి పటం పక్కనే పెట్టుకున్నాను. పొద్దున్నే వెలిగించే అగరబత్తి పొగ రెండింటికీ తగులుతుంది. ఈమధ్య మాత్రం ఆ ఫ్రేము వంక చూడాలంటే నాకే ఇబ్బందిగా ఉంటోంది. ఎందుకో చెప్పుకుందామనే ఈ ఉత్తరం. మీకు విడిగా పోస్టులో పంపితే సరిపోయేది. కానీ ఇందులో నా తప్పు ఉంది. దాన్ని గుట్టుగా మీ చెవిన వేసి ఊరుకోవడం నాకు సరిగ్గా అనిపించలేదు.

పోయిన శ్రావణంలో ఒకావిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, బాత్రూంలో కుళాయి తిప్పితే చెయ్యి జివ్వుమంటోందండీ. మా ఆయన నమ్మట్లేదు. నాకేం కాలేదే అంటాడు" అంది. ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు. కట్టి మూడేళ్లు. వెళ్లాను. ఆయన మళ్లీ కుళాయి తిప్పి చూపించాడు, నవ్వుతూ. కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. ఆవిడ స్నానానికి వెళ్లేది వట్టి కాళ్లతో. తేడా అంతే. టెస్టర్ ఆనిస్తే మినుకుమంది. గీజర్ ఆపమన్నాను, టెస్టర్ ఆరిపోయింది. బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, లోపల కాయిల్ పొక్కిపోయి నీళ్లలోకి కరెంటు దిగుతోంది. గీజర్ పాడవడం వింత కాదు. అలా పాడైన రోజు దారి తప్పిన కరెంటును భూమిలోకి దించి మనిషిని కాపాడటానికే ఎర్త్ ఉంటుంది.

సాకెట్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే చీకటి. బయటికొచ్చి ఎర్త్ గుంత ఎక్కడని అడిగితే, ప్రహరీ పక్కన తులసికోట వెనక చిన్న సిమెంటు మూత చూపించారు. మూత తీసి ఆకుపచ్చ తీగ పట్టుకుని కొంచెం లాగాను. కలుపు మొక్క పీకినట్టు మొత్తం చేతికొచ్చింది. చివర తుప్పుపట్టిన బోల్టు, దానికి చుట్టి సగం ఇటుక. రెండున్నర మీటర్ల జీఐ పైపు పాతి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పోసి తడపాల్సిన చోట జానెడు లోతు మట్టి. పైన మూత మాత్రం ముచ్చటగా చేశారు.

"ఎవరు చేశారండీ వైరింగ్?" అన్నాను. "మేస్త్రి తీసుకొచ్చిన కుర్రాళ్లు. అన్నీ కరెక్టుగా ఉన్నాయని పెద్ద కాంట్రాక్టర్ సంతకం కూడా ఉందండీ, చూపిస్తా" అంటూ ఆయన లోపలికెళ్లి ఇంటి కాగితాల ఫైలు తెచ్చాడు. మీటరు కోసం ఇచ్చిన టెస్ట్ రిపోర్ట్ జిరాక్సు తీశాడు. ఇన్సులేషన్ 50 మెగోమ్‌లు. ఎర్త్ రెసిస్టెన్స్ 2.8 ఓమ్‌లు. కాగితం మీద రెండూ మంచి అంకెలే. ఆ అంకెల చేతిరాత నాది కాదు. కింద సీలు నాది, సంతకం నాది.

ఆయన ఆ పేరు చదివి నా మొహంలోకి చూశాడు. "మీరేనా అండీ? అప్పుడు వచ్చి చూశారా?"

"చూళ్లేదండీ" అన్నాను. ఇంకేం అనగలను? ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ గ్లాసు తాగి కింద పెట్టేసరికి నాకు చాలాసేపు పట్టింది.

ఇది ఎలా జరుగుతుందో మీకు తెలియదని నేను అనుకోను. అయినా నా నోటితో చెబుతాను. ఇల్లు కట్టుకున్నవాడు మీటరుకు అప్లై చేయాలంటే లైసెన్సున్న కాంట్రాక్టర్ సంతకంతో టెస్ట్ రిపోర్ట్ కావాలి. మా దగ్గర ఒక జిరాక్సు షాపులో ఆ ఫారాలు దొరుకుతాయి. ఖాళీ ఫారాలు కాదు, సీలూ సంతకమూ ముందే పడి ఉన్న ఫారాలు. అంకెలు షాపువాడే నింపుతాడు. వాడికి మెగ్గర్, అదే వైరు ఇన్సులేషన్ కొలిచే పరికరం, అంటే ఏంటో తెలియదు గానీ ఎంత రాస్తే అభ్యంతరం రాదో బాగా తెలుసు. నాకు సంతకానికి నూట యాభై. నెలకోసారి వెళ్లి ఒక కట్ట మీద సంతకాలు పెట్టి వచ్చేవాణ్ణి. కరోనా టైములో పనులు లేక మొదలుపెట్టాను. పనులు వచ్చాక కూడా మానలేదు, అదీ నిజం. కూర్చున్న చోటికి డబ్బులొస్తుంటే మానడానికి మనిషికి గట్టి కారణం కావాలి. నాకు ఆ కారణం తులసికోట వెనక దొరికింది.

చట్టంలో లోపం లేదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూలు అప్పుడే తేల్చి చెప్పింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం లాంటి చిల్లర పనులు తప్ప, వైరింగ్ కొత్తగా వేసినా మార్చినా లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. సామర్థ్య పత్రం ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చేయించాలి. తీగ పట్టుకునేవాడికి పర్మిట్ ఉండాలి. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది, 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో వాటి స్థానంలో మళ్లీ కొత్తవి వచ్చాయి. నంబర్లు మారాయి, మాట మారలేదు. కాంట్రాక్టర్, సూపర్‌వైజర్, వైర్‌మన్, ముగ్గురికీ మూడు కాగితాలు.

మా ఊళ్లో ఆ మూడు కాగితాలూ ఉన్నాయి. మనుషులే వేరు.

నా లైసెన్సు మీద సూపర్‌వైజరుగా పేరున్న అబ్బాయి డిప్లొమా చదివాడు, తెలివైనవాడు. విజయవాడలో ఏదో టవర్ల కంపెనీలో ఉద్యోగం. రెన్యువల్ వచ్చినప్పుడే మేం కలుస్తాం. కాగితం ఇచ్చినందుకు వాడికి ఏడాదికి ఇంత అని ఇస్తాను. అంటే నేను నా సంతకం అద్దెకిచ్చాను, ఆ సంతకానికి ఉన్న హక్కు కోసం ఇంకొకడి కాగితం అద్దెకు తెచ్చుకున్నాను. ఇక పరికరాలు. లైసెన్సు కోసం మెగ్గర్, ఎర్త్ టెస్టర్ చూపించాల్సి వచ్చినప్పుడు పక్క మండలం కాంట్రాక్టర్ దగ్గర అరువు తెచ్చి చూపించాను. తర్వాత ఇంకొకాయన వచ్చి అవే పట్టుకెళ్లాడు. ఆ మెగ్గర్ ఉత్సవ విగ్రహంలా ఊరూరా తిరిగింది గానీ ఏ ఇంటి గోడలోని వైరునూ ముట్టుకోలేదు. 500 వోల్టులు ఒక నిమిషం ఇచ్చి, కనీసం ఒక మెగోమ్ వస్తుందో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది? సామాను సర్దుకోవడంతో కలిపి అరగంట. ఆ అరగంట కోసమే ఈ లైసెన్సు పుట్టిందని ఇన్నేళ్లకు నాకు అర్థమైంది.

మరి నిజంగా పని చేసేది ఎవరు? నా దగ్గర పద్నాలుగేళ్లుగా ఒక కుర్రాడున్నాడు. కుర్రాడంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. పదో తరగతి తప్పాడు. స్లాబు వేసే ముందు రోజు కమ్మీల మధ్య పైపులు వేస్తుంటే చూడాలి వాణ్ణి. ఫ్యాను బాక్సు ఎక్కడ రావాలో టేపు పెట్టకుండా చెప్పేస్తాడు, తర్వాత మనం టేపు పెట్టుకుని చూసుకోవడమే. స్విచ్ బోర్డు విప్పితే లోపల వైర్లు జడ అల్లినట్టుంటాయి. న్యూట్రల్ లూపు ఎక్కడ వదిలారో వాసన పట్టినట్టు పట్టేస్తాడు. వాడికి పర్మిట్ లేదు. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడో వైర్‌మన్ ట్రేడో చదివి ఉంటే వాడి దారి సాఫీగా ఉండేది. ఆ వయసులో వాడు నా వెనక నిచ్చెన మోస్తున్నాడు. తర్వాత ఒకసారి అప్లికేషన్ పెట్టిద్దామనుకున్నాను. ఫారం, చలానా, అనుభవ పత్రం, దాని మీద సంతకం, ఆఫీసుకు వెళ్లిన రెండు రోజుల కూలి, అన్నీ లెక్కేసుకుని "వద్దులే అన్నా, పర్మిట్ చూసి ఎవడైనా పాయింటుకు పది రూపాయలు ఎక్కువిస్తాడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చిత్రమేమిటంటే వాడి జేబులో కార్మిక శాఖ ఇచ్చిన కార్డు ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద ఇచ్చిన కార్డు. అందులో వృత్తి అనే గడిలో ఎలక్ట్రీషియన్ అని అచ్చేశారు. ప్రభుత్వంలో ఒక శాఖకు వాడు ఎలక్ట్రీషియన్. ఇంకో శాఖకు వాడు లేనేలేడు, నా రిజిస్టర్లో పర్మిటున్న వేరే పేరు ఉంది. 2023లో పీఎం విశ్వకర్మ వచ్చినప్పుడు మనకూ ఏదైనా ఉందేమో చూడన్నా అని అడిగాడు. పద్దెనిమిది వృత్తులున్నాయి. తాపీ మేస్త్రి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, దర్జీ, మంగలి, పూలదండలు కట్టేవాళ్లు ఉన్నారు. మా పని లేదు. అది సంప్రదాయ వృత్తుల పథకం, మీ శాఖకు సంబంధం లేదని తెలుసు. ఊరికే చెప్పాను. ఎక్కడ వెతికినా వాడి పని పేరు కనిపించదని చెప్పడానికి.

హైదరాబాద్, విశాఖల్లో అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేస్తున్న ఒడిశా, బీహార్, బెంగాల్ పిల్లల సంగతి ఇంకా అన్యాయం. రూల్లోనే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ గానీ, గుర్తించిన పర్మిట్ గానీ అని రెండు మాటలున్నాయి. ఆ రెండో మాటతో వాళ్ల రాష్ట్రం పర్మిట్‌ను ఇక్కడ ఒప్పుకోవచ్చు, కానీ అది వాడకంలోకి వచ్చిన సైటు నేనైతే చూడలేదు.

మా మేనల్లుడు అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాడు. కారుకు ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవడానికి కొత్త ప్యానెల్ బోర్డు వేయించుకున్నాడట. "మావయ్యా, మీరు చేసే పనికి ఇక్కడ ఎంత హంగామా ఉందో తెలుసా" అని వీడియో కాల్ చేసి మరీ చెప్పాడు. అక్కడ కాంట్రాక్టర్ల లైసెన్సుకే ప్రత్యేకంగా ఒక రాష్ట్ర బోర్డు ఉంది. ఎలక్ట్రికల్ వాళ్లకు సీ-10 అనే తరగతి. పదేళ్ల లోపల నాలుగేళ్లు చేయి తిరిగిన పనివాడిగా చేసిన అనుభవం చూపించాలి, ట్రేడు పరీక్ష ఒకటి, చట్టాలూ వ్యాపారం మీద ఇంకొకటి రాయాలి. ఇరవై ఐదు వేల డాలర్లకు హామీ బాండు ఉండాలి. ప్రకటన ఎక్కడ వేసినా లైసెన్సు నంబరు వేయాల్సిందే. మావాడు పని ఒప్పుకునే ముందు ఫోన్లో ఆ నంబరు కొట్టి చూశాడు. లైసెన్సు నడుస్తోందా, బాండు ఉందా, చర్యలేమైనా తీసుకున్నారా, అన్నీ వచ్చాయి. పనయ్యాక సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి మూత విప్పి చూసి వెళ్లాడు.

ఇదంతా విని నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు, డబ్బున్న దేశం చేసుకుంటుంది అనుకున్నాను. కానీ వాడు చెప్పిన ఒక్క సంగతి దగ్గర ఆగిపోయాను. అక్కడ కంపెనీ యజమానికి అర్హత లేకపోతే అర్హత ఉన్న ఉద్యోగిని పెట్టుకుని అతని పేరు మీద లైసెన్సు తీసుకోవచ్చు. అయితే ఆ ఉద్యోగి వారానికి కనీసం 32 గంటలో, లేదా కంపెనీ పనిచేసే సమయంలో 80 శాతమో నిజంగా అక్కడ పనిచేయాలని షరతు పెట్టారు. అంటే కాగితం అద్దెకిచ్చే జబ్బు వాళ్లకూ ఉందన్నమాట! లేకపోతే ఆ గంటల లెక్క ఎందుకు రాస్తారు? జబ్బుందని వాళ్లు ఒప్పుకుని రూల్లోనే రాసుకున్నారు. మనం మాత్రం రిజిస్టర్లో పేరు ఉంది కాబట్టి మనిషి ఉన్నాడని అనుకుంటున్నాం.

వాళ్ల పద్ధతి మొత్తం తెచ్చి ఇక్కడ పెట్టమని నేను అడగను. మా ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను బాండు కట్టమంటే పని మానేసి ఆటో తోలుకుంటాడు. ఇంకో భయం కూడా ఉంది. ఈ ఉత్తరం చదివి ఎవరైనా ఫీజు పెంచుదామనో, ఇంకో రెండు సర్టిఫికెట్లు అడుగుదామనో అనుకుంటారేమో. దయచేసి ఆ పని చేయకండి. కాగితం ఖరీదయ్యే కొద్దీ అద్దె పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. నా నూట యాభై ఐదొందలవుతుంది.

నేను అడిగేది చిన్నది. మీటరు బోర్డు మీద ఒక స్టిక్కరు. దాని మీద కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు, పని చేసిన వైర్‌మన్ పర్మిట్ నంబరు, కొలిచిన ఎర్త్ రీడింగ్, కొలిచిన తేదీ. ఇంటావిడకు కనపడేలా, ఎండకు వెలిసిపోని అక్షరాల్లో. ఇప్పుడు నా సంతకం ఆఫీసు బీరువాలో కట్టల మధ్య పడుకుంది, అందుకే అంత ధైర్యంగా పెట్టగలిగాను. అదే సంతకం ఆ ఇంటి వరండాలో, నేను రోజూ స్కూటర్ మీద వెళ్లే దారిలో, గోడ మీద ఉంటే పెట్టేవాణ్ణా? ఆ నంబరు ఫోన్లో కొడితే లైసెన్సు ఎవరిది, బతికే ఉందా, వాళ్ల దగ్గర పర్మిటున్నవాళ్లు ఎవరు అన్నది ఎవరికైనా తెలిసేలా పెట్టండి.

రెండోది, అప్లికేషన్లన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంటున్నాయి. కరెంటు పంపిణీ చేసే కంపెనీ, అంటే డిస్కం, తిరుపతిది అయినా, వరంగల్‌ది అయినా. ఒకే లైసెన్సు నంబరు ఒకే రోజు మూడు మండలాల్లో తొమ్మిది ఇళ్లు పరీక్షించిందంటే అందులో అనుమానించాల్సిందేమిటో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. కంప్యూటర్ను అడిగితే చాలు. అడగమని మీరు డిస్కంలకు రాయాలి. వందలో రెండో మూడో ఇళ్లకు మీ మనిషి ఎర్త్ టెస్టర్ పట్టుకుని వెళ్లి, రాసిన అంకె వస్తోందో లేదో చూస్తే, మిగతా తొంభై ఏడు ఇళ్ల దగ్గర మావాళ్లు వాళ్లంతట వాళ్లే జాగ్రత్తపడతారు. మీకు సిబ్బంది తక్కువని తెలుసు. అందుకే వంద అనడంలేదు.

మూడోది, నా కుర్రాడి లాంటివాళ్ల సంగతి. పక్కన తమిళనాడులో వైర్‌మన్ హెల్పర్ అని ఒక పరీక్ష ఉంది, చదువు కంటే పనిలో గడిపిన ఏళ్లకు విలువిస్తారు. మన దగ్గరా ఆదివారాలు ఐటీఐ వర్క్‌షాపులు ఖాళీగానే ఉంటాయి. ఒక చెక్క బోర్డు ఇచ్చి వైరింగ్ చేయమనండి. ఎర్త్ గుంత ఎలా తీస్తావో చెప్పమనండి. న్యూట్రల్ తెగితే త్రీఫేజు ఇంట్లో టీవీలు ఎందుకు కాలిపోతాయో తెలుగులో అడగండి, తెలుగులో చెబుతాడు. తప్పితే మళ్లీ ఆర్నెల్లకు రమ్మనండి. మండలానికి రెండు నెలల ముందు నోటీసు పంపండి, పేపర్లో మూలన ఎక్కడో కాదు, హార్డ్‌వేర్ షాపుల్లో, ఎలక్ట్రికల్ షాపుల్లో అతికించండి. మావాళ్లు అక్కడే ఉంటారు.

పర్మిట్ ఇవ్వడమంటే స్థాయి తగ్గించడం కదా అని మీలో కొందరు అనొచ్చు. అయ్యా, ఇప్పటికే గోడల్లో వైర్లు లాగుతున్నది వాళ్లే. వాళ్లను లెక్కలోకి తీసుకుంటే కనీసం ఎవరికి ఏం నేర్పాలో మీకు తెలుస్తుంది. ఇప్పుడైతే ఒక్క చిన్న ముక్క కూడా వాళ్ల దాకా వెళ్లే దారి లేదు. ఉదాహరణకు ఎంసీబీ, అదే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు. మా ఊళ్లో పది మందిని అడిగితే తొమ్మిది మంది, అందులో పనివాళ్లు కూడా ఉంటారు, "ఎంసీబీ ఉందిగా, షాక్ కొడితే పడిపోద్ది" అంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పడిపోయేంత కరెంటు ఒంట్లోంచి పోయేలోపు మనిషే పడిపోతాడు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కట్ చేస్తుంది. ఒక మోతాదు దాటిన లోడున్న ఇళ్లకు లీకేజీ పరికరం తప్పనిసరని నిబంధనల్లోనే ఉంది. ఆ గీజరున్న ఇంట్లో అది లేదు. హాల్లో మాత్రం పీవోపీ సీలింగు, రంగు మారే ప్రొఫైల్ లైట్లు ఉన్నాయి. సీలింగు ఖర్చులో మూల ముక్క పెడితే ఎర్త్ గుంతా ఆర్‌సీసీబీ రెండూ వచ్చేవి. అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. చెప్పాల్సినవాడు జిరాక్సు షాపులో సంతకాలు పెడుతున్నాడు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే ప్రమాద మరణాల పుస్తకంలో కరెంట్ షాకుతో పోయినవాళ్లు దేశం మొత్తం మీద పది వేలకు పైనే ఉంటారు. మన పేపర్లలో అది జిల్లా పేజీ వార్త. దండెం మీద బట్టలు ఆరేస్తుండగా అని ఒకటి, మోటారు స్విచ్చు వేయబోతూ అని ఇంకొకటి. ప్రమాదం జరిగితే చట్ట ప్రకారం మీ శాఖకు నోటీసు రావాలి, మీవాళ్లు వచ్చి విచారించాలి. వస్తారు కూడా. అయితే మీటరు ఇవతల అయితే డిస్కం లెక్క, అవతల అయితే ఇంటివాడి అజాగ్రత్త. ఆ ఇంటి టెస్ట్ రిపోర్ట్ మీద ఎవరి సంతకం ఉందో తీసి చూసి, ఆ మనిషిని పిలిచి, నువ్వు కొలిచావా అని అడిగినట్టు నేను వినలేదు. పందొమ్మిదేళ్లలో నన్నైతే ఎవరూ అడగలేదు. అడుగుతారన్న భయం ఉంటే మొదటి కట్ట దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

ఇది చదివి తోటి కాంట్రాక్టర్లకు కోపం వస్తుంది. నిజాయితీగా ఇల్లిల్లూ తిరిగి కొలిచేవాళ్లు ఉన్నారు, వాళ్లను నాతో కలపకండి. అద్దెకు పెట్టేవాళ్ల రేటు ముందు వాళ్లు నిలవలేకపోతున్నారు, అది కూడా మీరు చూడాల్సిన సంగతే. ఇంటికెళ్లి మెగ్గర్ పెట్టి కొలిచి సంతకం చేసేవాడు వెయ్యి అడిగితే, రెండొందల్లో పనయ్యే షాపు పక్కనే ఉంటుంది.

ఆ గీజర్ ఇంటికి కొత్త ఎర్త్ గుంత నేనే తీయించాను, ఆర్‌సీసీబీ పెట్టించాను. డబ్బులు తీసుకోలేదు. అది గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ తర్వాత జరిగింది చెప్పడానికి. మర్నాడే జిరాక్సు షాపుకెళ్లి మిగిలిన ఫారాలు తెచ్చుకుని చింపేశాను. మెగ్గర్, ఎర్త్ టెస్టర్ కొన్నాను. అప్పటినుంచి ఆదివారాలు నేనూ ఆ కుర్రాడూ పాత ఇళ్లకు వెళ్తున్నాం. తలుపు కొట్టి "మీ ఇంటికి మీటరప్పుడు సంతకం పెట్టింది నేను, అప్పుడు చూళ్లేదు, ఇప్పుడు చూస్తాను" అని చెబితే జనం వింతగా చూస్తారు. ఒకాయన ఏదో స్కీము అమ్ముకోవడానికి వచ్చామనుకుని తలుపేసేశాడు. ఒకావిడ మాత్రం కూర్చోబెట్టి, వాళ్ల మామగారు పంపు షెడ్డులో పోయిన సంగతి గంటసేపు చెప్పింది.

నాకు గుర్తున్నవీ, షాపతను గుర్తుచేసినవీ కలిపి అరవై ఒక్క ఇళ్లు తేలాయి. ముప్పై నాలుగు చూశాం. పదకొండింట్లో ఎర్త్ పేరుకే ఉంది. ఒక ఇంట్లో ఎర్త్‌కు వాడాల్సిన ఆకుపచ్చ తీగనే ఫేజుకు వాడేశారు, అది చూసి మా కుర్రాడు మెయిన్ ఆపి పది నిమిషాలు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

కానీ నేను పెట్టిన సంతకాలు అరవై ఒకటి కాదు. ఖాళీ ఫారాల మీద పెట్టినవాటికి నా దగ్గర లెక్క లేదు. ఎన్నో వందలు ఉంటాయి. అవి ఏ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లాయో నాకు తెలియదు. డిస్కం రికార్డుల్లో నా లైసెన్సు నంబరు కొడితే మొత్తం బయటికొస్తాయి. నేను అడిగితే ఇచ్చే కాగితం కాదది, మీరు రాస్తే ఇస్తారు. నా మీద చర్య తీసుకోవాలనుకుంటే తీసుకోండి, పిలిచిన రోజున ఫ్రేముతో సహా లైసెన్సు తెచ్చి ఇస్తాను. దానికి ముందో వెనకో, ఆ ఇళ్ల జాబితా మాత్రం నాకు ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్
(పేరు, లైసెన్సు నంబరు మీ ఆఫీసులకు పంపిన ప్రతుల్లో రాశాను)